బుగ్గ మీద వేలిముద్ర

విజయనగరంలో డెబ్భై మంది.
శ్రీకాకుళంలో వాన, పదిహేను మంది,
అందులో నలుగురు నిద్ర.
పొందూరు మా కాగితంలో లేదు.
క్లచ్ వైరు తెగిన చోటు పేరు పొందూరు, అంతే.

బండి నాది. ప్రొజెక్టరు ఇందుమతి మేడమ్‌ది.
అరచేతిలో ఇమిడే డబ్బాలో పదకొండు దేశాల బొమ్మలు,
సగానికి పైన పోలండువే.
మెకానిక్కు రేపు గానీ రాడంటే
ఆవిడ నేత షెడ్డులోకి తొంగిచూసి
"ఇక్కడే వేసేద్దాం" అంది.

తెర బండి టాపు మీద తడిసి ముద్దయి ఉంది.
తవిటయ్య మారుమాట లేకుండా
అమ్మకానికి మడతపెట్టిన నాలుగు పంచెలు విప్పి
అంచుకి అంచు కలిపి టాకాలేశాడు.
"మరక పడితే పూచీ నీది" అని నా వైపు చూశాడు.
వెలుగుకి మరక పడదని చెప్పాను.
నమ్మినట్టు లేడు.

ముందొక నక్క, ఏ దేశందో, వెన్నెలని నాకింది.
గుంటలు కిందపడి నవ్వారు.
తర్వాత బొగ్గుతో గీసిన ఊరు.
గీసి, చెరిపి, మళ్లీ గీసి...
చెరిపిందంతా పొగలా ఉండిపోయి
మనిషి వెనకే మనిషి నడుస్తున్నాడు.
"బొమ్మ బాగుంది గానీ సౌండు నేదేటి బాబూ?"
వెనక నుంచి ఎవరో.
మాటలే లేవని చెప్తే
"మరైతే మనకీ అర్థమవుద్ది" అన్నారు.

మూడోది పోలండుది.
నాలుగో అంతస్తులో మట్టితో చేసిన ముసలమ్మ
ఒంటి మీది ఊలు చొక్కా తనే విప్పుకుంటూ
ఆ దారానికి బుట్ట కట్టి
కిటికీలోంచి కిందికి దించుతుంది, రొట్టె కోసం.
రోజుకో రొట్టె. రోజుకింత చొక్కా.
బయట మంచు.
పంచెల మీద మంచు పడుతుంటే
షెడ్డు గాల్లో ఎగిరే దూదిపీచు కూడా
అందులో కలిసిపోయింది.

అప్పుడు లేచింది అచ్చియ్యమ్మ.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వి
అరవయ్యేళ్లు నూరో నెంబరు నూలు తీసిన మనిషి.
"పురి సాల్దు. ఆ పోగు బుట్టని మొయ్యదు."
అంది ముందు.
కాసేపాగి, "ఆపు బాబూ."
ఆపాను.
"ఆ బొమ్మ బుగ్గ మీద ఎవులిదో ఏలిముద్ర."

ఆరు ఊళ్లలో వేశాను ఈ బొమ్మని. చూడలేదు.
ఇందుమతి మేడమ్ కూడా చూడలేదు.
పళ్లెమంత ముద్ర,
కదురు చుట్టూ పోగులా చుట్టలు చుట్టలుగా.
సెకనుకి పన్నెండుసార్లు ముసలమ్మని కదిపిన చెయ్యి
ఒక్కసారి తుడవడం మర్చిపోయింది.

అచ్చియ్యమ్మ వెలుగులోకి నడిచింది.
ఆ ముద్ర పక్కన తన బొటనవేలు పెట్టి చూసుకుంది.
నున్నగా ఉంది, గవ్వ వీపులా.
"నాకియ్యి నేవు. నూలు తినేసింది.
మూణ్నెల్లయి పింఛను మిషను
నన్నెరగనంటంది."

ఎవరూ ఏమీ అనలేదు.
"ఎయ్యండి బాబూ, రొట్టొచ్చిందో నేదో"
ఒక గుంటడు అరిచాడు.
మీట నొక్కాను.
రెప్ప వెయ్యకముందే బుగ్గ నున్నబడింది.

పొద్దున్న తవిటయ్య టాకాలు ఊడదీసి
ఒక్కో పంచెనీ ఎండకి ఎత్తి చూశాడు.
మరక లేదు. మడతపెట్టాడు.
మూడో దాంట్లో, అంచు దగ్గర, ఆ బుగ్గ పడిందని నాకు తెలుసు.
చెప్పలేదు. చెప్తే ధర పెరుగుతుందా?

పదకొండింటికి వైరు వచ్చింది.
సచివాలయం ముందు నుంచి బండి తిప్పుతుంటే
వరసలో అచ్చియ్యమ్మ.
మిషను మీద ఎర్ర లైటు.
వేలు కొంగుకి తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్రదే.
"మెత్తటి మట్టుంటే తే బాబూ,
అది ఎరుగుతాది నన్ను" అంటోంది.
మిషను పట్టుకున్న కుర్రాడు నవ్వాడు.
ఆవిడ నవ్వలేదు.
చెయ్యి చాపే ఉంచింది.