ఈ ఏటి పట్టిక

ప్రిటోరియాలో నవంబరు.
జకరండా పూలు రాలి రాలి
ఆఫీసు మెట్లు ఊదారంగులో జారుతున్నాయి.
తొమ్మిదో అంతస్తులో నేను, చిలిడ్జిని,
ఏడాది పొడుగునా ఎవరెవరో కనిపెట్టినవన్నీ
ఒక్క పట్టికలోకి ఎక్కిస్తుంటాను.

తరగతి గది లేని విశ్వవిద్యాలయం మాది.
గంట లేదు, గంట కొట్టేవాడూ లేడు.
చివరి బెంచీ లేదు కనక
అందరూ చివరి బెంచీవాళ్ళే.
ఒకప్పుడు టపా సంచుల్లోంచి, ఇప్పుడు తెర మీంచి
మనుషులు వాక్యాలుగా వచ్చి
నా చేతుల్లో అంకెలై వెళ్ళిపోతారు.

పైవాళ్ళు అడిగేది ఒకటే మాట: ఎన్ని?

నలభై ఒకటో వరుస, గణితం.
జైలు నుంచి వచ్చింది.
ముడులు ఎన్ని రకాలుగా విప్పచ్చో చెప్పే రుజువు,
ప్రతి పుట మూలా వార్డరు ముద్ర.
తప్పుందని ఒక సమీక్షకుడు, లేదని ఇంకొకడు.
ముద్రలు చెరిపి పంపాను గనక
ఇద్దరూ కాగితంతోనే పోట్లాడుకున్నారు.

ఎనభై ఆరు, భాషాశాస్త్రం.
కరూ ఎడారిలో గొర్రెల మంద ఉన్న ఇంటి కోడలు సానెట్
ముసలి కాపరి నోట మిగిలిన నామా మాటలు
రెండువందల పన్నెండు రాసుకుంది.
గాలికే పద్నాలుగు పేర్లు.
వానకి ముందొచ్చే గాలి దగ్గర ఆయన ఆగి
ఇంకోటుంది, రేపు చెబుతాలే అన్నాడట.
పదిహేనో గీత ఖాళీగానే అచ్చయింది.
అచ్చుతప్పేమో అని ప్రెస్సువాళ్ళు ఫోను చేశారు.
కాదు, అలాగే ఉంచండి అన్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ కరెంటు కోత.
ల్యాప్‌టాప్‌లో నలభై నిమిషాల ప్రాణం.
ఎక్కడో హైవెల్డ్ మీద ఉరుము.
మూడు పత్రాలు మిగిలాయి,
మూడు శాఖలవి, మూడు వేరే పత్రికల్లో వచ్చినవి.

భూమి కొలతలు: ఖేర్ట్ స్ట్రైడమ్.
ముప్ఫై ఏళ్ళు బంగారు గనిలో సొరంగాలు కొలిచి
రిటైరయ్యాక పైకొచ్చి
తన ఊరు ఏటా ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతోందో
కొలుస్తున్నాడు.

నర్సింగు: పులానే, రాత్రి డ్యూటీ.
నిద్ర పట్టని నలభై మంది ఆడవాళ్ళని
ఎందుకు పట్టదమ్మా అని అడిగింది.

న్యాయశాస్త్రం: లుంగిసానీ, కోర్టులో దుబాసీ.
గోడ పగిలితే దావా ఎవరి మీద,
కంపెనీ నాలుగుసార్లు పేరు మార్చుకున్నాక?

అడుగున చిన్నక్షరాల్లో ముగ్గురూ రాసిన వీధి ఒకటే.
కోర్హాన్ వీధి. పన్నెండో నంబరు.

ఖేర్ట్‌కి అది పదిహేడు మిల్లీమీటర్ల పగులు.
పులానేకి, గోడకి చెవి ఆనించి
తెల్లార్లూ కూచునే ఇరవై మూడో మనిషి.
లుంగిసానీకి, వేలిముద్ర వేసి ఇస్తే
గడువు దాటిందని కోర్టు తిప్పికొట్టిన కాగితం.

ఒక ఏనుగు, ముగ్గురు గుడ్డివాళ్ళు కాదు ఇది.
ముగ్గురికీ చూపు బాగానే ఉంది.
ఒకరి పక్కన ఒకరు కూర్చునే బెంచీయే లేదు.

ఒకరి చిరునామా ఇంకొకరికి ఇవ్వకూడదని నియమం.
పదకొండేళ్ళుగా ఇవ్వలేదు.
బ్యాటరీ మూడు శాతం ఉండగా
ఇచ్చేశాను.

పొద్దున్నే ఫోను: ఎన్ని?
నాలుగువందల ఆరు.
ఆ మూడింటినీ మూడనే అన్నాను.

నెలన్నరకి ఖేర్ట్ ఉత్తరం,
స్కేలు పెట్టి రాసినట్టు నిటారు అక్షరాలు.

"ఆ గోడ నాకు తెలుసమ్మా.
ఏడేళ్ళుగా బయటివైపు కొలుస్తున్నాను.
లోపల ఒక చెవి ఆని ఉంటుందని తోచలేదు,
ఒక్కనాడూ తలుపు తట్టలేదు.
మొన్న తట్టాను.
నా గీతల చప్పుడు విని
ఎలకలనుకునేదట.
టీ ఇచ్చింది.
బల్ల మీద పెట్టిన కప్పు
దానంతటదే నా వైపు జరుగుతూ వచ్చింది.
ఎంత వాలు ఉందో కొలవబోయి, మానేసి
కప్పు పట్టుకున్నాను."