చెక్కదువ్వెన

పాలకొల్లు బస్టాండు వెనక
పార్టీ జెండాలు అచ్చేసే కొట్లో
నల్ల టీషర్టు వీపు మీద
మా నానమ్మ చెక్కదువ్వెన దిగింది,
పన్ను విరిగిన చోటుతో సహా.

"సరిచేసెయ్యనా?" అన్నాడు రత్నరాజు.
వద్దన్నాను.
అది విరిగింది నా జుట్టులోనే.

బళ్ళో నన్ను పిచ్చుకగూడనేవారు.
కుంకుడు నురగ కళ్ళలో పడి ఏడుస్తుంటే
సువార్తమ్మ అనేది:
"లంకలో రెల్లు మాత్రం
ఎవరి మాట వింటుందే?"

ఫోన్లో లాగోస్ పిల్లొకతె
తలంతా ఊడ్పులైన చేనులా
చాళ్ళుచాళ్ళుగా అల్లించుకుంది.
వాళ్ళ నానమ్మ ఏ నూనె రాసేదో
అడగాలి.

తొలి చొక్కా నేనే తొడుక్కుని
నరసాపురం బస్సెక్కాను.
వెనక సీటు ముసలామె
నా వీపు మీద వేలు పెట్టి
పళ్ళు లెక్కపెడుతోంది.

కదలకుండా కూర్చున్నాను,
తలంటు రోజులా.