గల్లాపెట్టెలో ఐదో అర

ఆర్విల్ ఆ నాణేన్ని కాఫీ కప్పు పక్కన పెట్టాడు,
పేకాటలో ఆఖరి ముక్క దించినట్టు.
"చూసుకో వెల్డా, అచ్చేసేశారు.
మనదీ కాదు, కెనడాదీ కాదు, మెక్సికోదీ కాదు.
మూడిళ్ళకీ ఒకటే పొయ్యి ఇక.
ఒకటే సర్కారు, ఒకటే డబ్బు.
ఈ చలికాలం మంచు కరిగేలోగా."

తీసుకుని తిప్పి చూశాను.
ఒక వైపు గద్ద. ఇంకో వైపు ఖండం పటం,
మధ్యలో గీతల్లేకుండా.
కోటు బొత్తామంత బరువు.
ఎంతకి కొన్నావన్నాను.
నలభై డాలర్లు, పోస్టు ఖర్చు వేరే.
రాబోయే డబ్బుని ఉన్న డబ్బు పోసి కొన్నవాడు
మా ఊళ్ళో ఇతనొక్కడే.

ఉత్తర డకోటాలో ఆఖరి ఊరు మాది.
ధాన్యం గోదాము దాటితే చెక్‌పోస్టు,
చెక్‌పోస్టు దాటితే మానిటోబా.
నా గల్లాపెట్టెలో ఐదో అర
ముప్పై ఏళ్ళుగా వాళ్ళ చిల్లరది.
రాణి, దుప్పి, నీటిపిట్ట.
పావలాకి పావలా అని తీసుకుంటాను.
బ్యాంకు కుర్రాడు మూతి ముడుస్తాడు, అది వాడి బాధ.

ఆర్విల్‌కి అన్నీ తెలుసు.
హైవే వెంట సర్వేవాళ్ళు పాతిన నారింజ జెండాలు
నడిచి లెక్కపెట్టాడు, నూట నలభై మూడు.
పన్నెండు వరసల రోడ్డట,
మన చక్కెరదుంప చేల మీదుగా.
సంతకాలు గుట్టుచప్పుడు కాకుండా అయిపోయాయట,
ఏదో హోటల్లో, కర్టెన్లు దించి.
"పేపర్లో రాలేదే?"
"రాలేదు కదా, అదే రుజువు."
జూలైలో మురుగు పైపు వేసి, పూడ్చి,
జెండాలు పీక్కుపోయారు.
అదీ రుజువే.

మేం నవ్వుతాం. నవ్వి, కప్పు నింపుతాను.
దుంపల ఫ్యాక్టరీ ఒక శుక్రవారం
మూడోవంతు మందిని ఇంటికి పంపినప్పుడు
కాయితం మీద సంతకం ఎవరిదో
ఎవరూ చదవలేకపోయారు.
ఆర్విల్ ఆ కాయితాన్ని ఇప్పటికీ
లారీ తాళాల పక్కన మేకుకి గుచ్చి ఉంచాడు.
కర్టెన్లు దించిన గది ఒకటి ఎక్కడో ఉందనే
నేనూ అనుకుంటాను.
అందులో ఏం మాట్లాడుకుంటారన్న దగ్గరే
మా ఇద్దరికీ పొసగదు.

సొలాంజ్ అవతలి పిల్ల.
ఇంట్లో ఫ్రెంచి, పొలంలో ఇంగ్లీషు,
కోపం వస్తే రెండూ.
వాళ్ళ పెళ్ళి రోజున చెక్‌పోస్టు వాడు
లేవకుండానే చెయ్యి ఊపాడట,
కారు వెనక కట్టిన డబ్బాలు మోగుతుంటే.
వరద వచ్చిన ఏడు
సరిహద్దు రాయి మునిగి,
మా చమురు పీపా ఒకటి తేలుతూ పోయి
వాళ్ళ స్కూలు మెట్లెక్కి కూచుంది.
ఆర్విల్ పడవేసుకు వెళ్ళి
అత్తగారిని తెచ్చాడు, పిల్లితో సహా,
ఏ కాయితమూ లేకుండా.
అదేం కలపడమయ్యా అని అడిగితే
"అది వేరు" అంటాడు.

సొలాంజ్ అమ్మానాన్నల పక్కన పడుకుంది.
అటువైపు, చర్చి వెనక, పదకొండు మైళ్ళు.
ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి.
అందులో చిప్ ఉంటుంది కనక ఆర్విల్ తీసుకోడు.
"అది జేబులో పడ్డ రోజు నుంచి నేను వాళ్ళ మనిషిని."
ఐదేళ్ళయింది.
ఆదివారాలు గోదాము వెనక లారీ ఆపి
అద్దం దించి కూచుంటాడని
నా మరిది చూశాడు. నేనడగలేదు.

ఇవాళ లేచి, టోపీ పెట్టుకుని, మళ్ళీ కూచున్నాడు.
కోటు లోపలి నుంచి కాఫీ డబ్బా తీశాడు.
"గురువారాలు నువ్వు పంటి డాక్టరు కోసం
అటు వెళ్తావు కదా."
డబ్బాలో ఏడు ట్యులిప్ దుంపలు,
వాళ్ళ పెరటి మట్టి అంటుకునే ఉంది.
"నేల గడ్డకట్టేలోగా పాతాలి. మొన పైకి."
నా మొహం చూడలేదు.
ఆ గద్ద నాణెం బల్ల మీదే వదిలి
చిల్లర ఉంచుకోమన్నాడు.

చెల్లని కాసుకి చిల్లరేమిటి?
ఐదో అరలోనే వేశాను,
నీటిపిట్టల మధ్య.

గురువారం చెక్‌పోస్టు కుర్రాడు
అద్దంలోంచి వంగి అడిగాడు,
డబ్బాలో ఏమిటని. చెప్పాను.
"మట్టి దాటనివ్వరు మేడం. కడిగారా?"
కడిగానన్నాను.