మూడు బంతులు

ట్రియెస్టేలో ఈ వారమంతా బోరా గాలి.
వీధి మలుపుల్లో తాళ్లు కట్టారు,
జనం పట్టుకుని నడవడానికి.
ఆసుపత్రి నాలుగో అంతస్తులో
తాడు బదులు నా చెయ్యి.
జీతం దానికే.

పన్నెండో గదిలో ఒండీనా. డెబ్బై ఎనిమిదేళ్లు,
ఇరవయ్యేళ్ల చక్కెర జబ్బు,
పోయిన నెల దాకా బాల్కనీలో దొంగ సిగరెట్టు.
ఒంటరి. ఉండేది ఐదో అంతస్తు, లిఫ్టు లేదు.
సర్జన్ ఫైలు మూసి "నెమ్మదిగా" అన్నాడు,
ఆ మాట కూడా నెమ్మదిగానే.

పదమూడులో లీవియో. యాభై ఆరు.
ట్రామ్ డ్రైవరు. వేసవంతా సముద్రంలో ఈత.
భార్య, ముగ్గురు కూతుళ్లు, వంతులేసుకుని తెచ్చే సూపు.
"వారంలో ఇంటికి" అన్నారు.
నాలుగో రోజు గోడవైపు తిరగబోయాడు.
కోసి కుట్టిన రొమ్ము ఒప్పుకోలేదు.
వెల్లకిలా పడుకునే గోడవైపు తిరిగాడు.
అదెలాగో చూసినవాళ్లకి తెలుసు.

ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులు,
గొట్టంతో ఊపిరి లాగితే పైకి లేవాలి.
మొదటిరోజు ఒండీనా ఒక్కదాన్ని కదిలించి
దానికి తన మరిది పేరు పెట్టింది:
"వీడింతే, లేపితే గానీ లేవడు."
దగ్గొస్తే దిండుని ఎదకి అదుముకుని
దిండునే తిట్టేది.
కింది వాటా నెరీనా పేకాటలో
పదకొండు యూరోలు బాకీ ఉందట.
"నేను పోతే ఎగ్గొట్టేస్తుంది!"
ఆ పదకొండు యూరోల మీద
వరండా ఈ కొసనుంచి ఆ కొసకి నడిచింది.

అలాగని ఆమె గెలిచిందని రాయను.
తొమ్మిదో రోజు కాలి కుట్లు చీము పట్టాయి.
చక్కెర తన పద్దు తాను వసూలు చేసుకుంటుంది,
దానికి వేళాకోళం అర్థం కాదు.
మళ్లీ మంచం, మళ్లీ సూదులు.
ఆ రాత్రి ఆమె ఎవర్నీ తిట్టలేదు.

పక్క గదిలో సూపు చల్లారిపోయేది.
కూతుళ్లు బయటికొచ్చి నన్నడిగేవారు,
మేమేం తక్కువ చేశామని.
నా చేతి కాగితంలో అన్ని గళ్లలోనూ
అతనికి మంచి మార్కులే.

ఒక తెల్లవారుజామున, అద్దాలు గడగడలాడుతుంటే,
తనే అడిగాడు:
"కాలి నరం తీసి గుండెలో పెట్టారు కదా.
ముప్పయ్యేళ్లు ట్రామ్ పెడల్ తొక్కిన కాలది.
ఆ నరానికి తెలుసా, ఇప్పుడెక్కడుందో?"

నేను ఫిజియోథెరపిస్టుని.
ఇది మా పాఠాల్లో లేదు.
"తెలిసి ఉండదు" అన్నాను,
"నడిస్తే తెలుస్తుందేమో."
చాలాసేపు పైకప్పుని చూశాడు.
చెప్పులేవి, అన్నాడు.

పంతొమ్మిది అడుగులు. పన్నెండో గది గుమ్మం దాకా.
లోపల ఒండీనా, కట్టు కట్టిన కాలు దిండు మీద,
గొట్టం నోట్లో.
రెండు బంతులు పైన.
మూడోది అడుగు వదిలి వణుకుతోంది.

లీవియో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు,
తన ఊపిరి కూడా బిగబట్టి.
అలా బిగబట్టకూడదని చెప్పడం నా పని.
కాసేపు చెప్పలేదు.