పడవ బొమ్మ

లిస్బన్‌లో, రాత్రి తొమ్మిదింటికి
ఆమె వేలు నడిచిన దారి చూస్తున్నాను.
తెర మీద ఎర్రచుక్కలు, చీమలబారులా.

మేం గీసిన దారి తిన్ననిది:
వేళలు, సీటు, చెల్లింపు, అంతే.
డియొలిందా అటు పోలేదు.
పైన, అలంకారానికి పెట్టిన పడవ బొమ్మ,
దాన్నే నొక్కింది. మళ్ళీ నొక్కింది.
పదకొండుసార్లు.
నా పట్టికలో దాని పేరు 'తప్పు'.

ఫోన్ చేశాను, పికో దీవికి.
వెనక గాలి, జున్ను బుట్టలు సర్దుతున్న చప్పుడు.
"పడవ ఎక్కాలంటే పడవ మీదే కదమ్మా కాలు పెట్టాలి?"
అంది, నాకేమీ తెలీదని జాలిపడుతూ.

పట్టిక మూసేశాను.
"ఇంతకీ అవతలి ఒడ్డుకి ఎలా వెళ్ళారు?"
"రేవులో టికెట్లిచ్చే బెల్మీరుకి
చెయ్యూపాను."

ఆ చెయ్యూపు
మా ఏ తెర మీదా
చుక్కగా పడలేదు.