ఎంత నంబరు

నవంబర్ ఒకటి నుంచి ఎనిమిది దాకా
సమాధుల తోటకు పోయి మొక్కితే
దినానికి ఒక్క ఆత్మకు పరిపూర్ణ ఫలం.
ఒక్కదానికే, అని ఫాదర్ రెండుసార్లు చెప్పిండు
రేషన్ షాపుల డీలర్ చెప్పినట్టు.

పాపసంకీర్తనం చెయ్యాలె, సత్ప్రసాదం తీసుకోవాలె,
పోపుగారి తలంపుల కొరకు ఒక పరలోక జపం, ఒక మంగళవార్త.
ఇంకోటి: పాపం మీద ఆవగింజంత మమకారం కూడ ఉండొద్దు.

ముప్పయి నాలుగేండ్లు ఇంజన్ నడిపినోణ్ని.
ఆవగింజంత అంటే ఎంతనో నాకు ఎర్కే.
బ్రేకు మీద చెయ్యి పడుడుకూ
పడకపోవుడుకూ నడుమ ఉంటది.

కాజీపేట నుంచి రామగుండం, మళ్ల బొగ్గుతోని వాపసు.
యాభై ఎనిమిది డబ్బాల బరువు
బ్రేకు కొట్టినంక గూడ కిలోమీటరు ఉరుకుతది,
ఎవ్వరి మొర వినదు.

పట్టాల మీదికి వచ్చేటోళ్లకు పేర్లుండయి.
ఎర్ర చీర.
సైకిలు.
చెవికి రేడియో ఆనించుకున్న ముసలాయన.
మేకను తోలుకపోతున్న పిల్లగాడు. మేక దాటింది.
స్టేషన్ మాస్టర్‌కు చెప్పేది స్తంభం నంబరు ఒక్కటే,
318 బై 12,
గంతే. సిగ్నల్ పడితే కదిలేది.

ఇంటికొస్తే ఆరోగ్యమ్మ బువ్వ పెట్టుకుంట అడిగేది
'ఎంత నంబరు?'
చెప్పేటోణ్ని.
ఎందుకడుగుతదో ఒక్కనాడు అడగలే.

నిరుడు ఆమె పోయినంక
జపమాల సంచిల దొరికింది ఆ కాయితం.
కిరాణం చిట్టీ వెనుక, పెన్సిలుతోని,
పదకొండు నంబర్లు.
ఒక్కోదాని పక్కన సిలువ గుర్తు, కొన్నిటికి రెండు, మూడు.
331 బై 8 కాడ మాత్రం సన్నగ: మేక పిల్లగాడు.
ఆమె అవ్వయ్యల పేర్లు లెవ్వు అందుల.
తొమ్మిది దినాలే బతికిన మా కతరీన పేరు లేదు,
పసిది, సక్కగ పోయుంటది అనుకున్నదేమో.

ఫాదర్‌ను అడిగిన.
ఏ కులమో ఏ మతమో తెల్వదు, పేరు తెల్వదు,
స్తంభం నంబరు మీద మొక్కితే ముడ్తదా అని.
అట్ల పుస్తకంల రాసిలేదు శౌరీ, అన్నడు.
మరి ముట్టదా?
చానసేపు లైను దిక్కు చూసిండు. గూడ్సు పోతున్నది.
డబ్బాలు లెక్కపెట్టిండో ఏమో.
ముట్టదని గూడ రాసిలేదు, అన్నడు.

ఫాతిమానగర్ సమాధుల కాడ
ఏడు దినాలు ఏడు కొవ్వొత్తులు.
ఆమె రాసిన నంబర్లే చదివిన, ఆమె మొక్కినోళ్లకే మళ్ల మొక్కిన,
పన్నెండోదాన్ని తప్పించుకుంట.

హసన్‌పర్తి ఇంక రాలే. తెల్లారగట్ల మూడున్నర.
రెప్ప పడ్డది.
హారన్ కొట్టిన అని రాసిచ్చిన సాహెబ్‌కు.
కొట్టిననో లేదో నాకు ఎర్క.
ఆయనకు ఎర్క, ఆ పన్నెండో ఆయనకు,
తువ్వాల తలకు సుట్టుకున్నడు, సలికి.
ఇంటికొస్తే ఆరోగ్యమ్మ అడిగింది.
ఇయ్యాల ఏం లేదన్న.
నా మొకం దిక్కు చూసి
చారు ఇంకో గంటెడు పోసింది.
తిన్న.

నిన్న పాపసంకీర్తనంల ఇదంత చెప్పిన. క్షమాపణ దొరికింది.
మమకారం పోయిందా అంటే,
పింఛను ఒకటో తారీఖు పడుతనే ఉన్నది,
పొద్దుగాల చాయల ముంచుకుంటున్న రొట్టె దానిదే.
పరిపూర్ణం కాకపోతే పావుల వంతన్న కానీ.

ఇయ్యాల ఎనిమిదో దినం.
నీ వంతు ఈ యాడాది గూడ రాలే ఆరోగ్యం,
ఉత్తరించు స్థలంల నువ్వున్నా
లైన్ల ఎనుకకు పోయి నిలబడ్తవని ఎర్కే.
మోకాళ్లు వంగుతలేవు, నీ బండ మీదనే కూసున్న.
పెన్సిలు తెచ్చిన.
ఎంత నంబరని ఒక్కపారి అడుగు.
357 బై 4.
రాసుకో.