నిలబడి తాగే కాఫీ

ఆగస్టులో కాగితం వచ్చింది.
గాజు తలుపుకి లోపలివైపు అంటించాను.
కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఏ పాసూ అక్కర్లేదు,
బల్ల దగ్గర కూర్చుంటే కావాలి.
"వైరస్ బల్ల ఎత్తులోనే ఎగురుతుందన్నమాట"
అన్నాడు ఉల్డెరికో, నవ్వకుండా.
నేనూ నవ్వలేదు.

ట్రియెస్టె రేవులో ముప్ఫయ్యొక్కేళ్లు క్రేను నడిపాడు.
పైన కూర్చుని చేసే ఉద్యోగం.
దిగొచ్చాక నిలబడే ఓపిక మోకాళ్లలో మిగల్లేదు.
అయినా ఆకురాలే కాలమంతా నిలబడ్డాడు
మోచేయి పాలరాతి మీద, బరువు కుడికాలి మీద,
కాసేపయ్యాక ఎడమకాలి మీద.

కిటికీ పక్క బల్ల దగ్గర ముగ్గురి పేకాట.
నాలుగో కుర్చీ ఖాళీ.
ఉల్డెరికో ముక్కలు కౌంటరు మీద, చక్కెర డబ్బా చాటున.
తన వంతు రాగానే ఒక ముక్క నా చేతిలో పెట్టేవాడు,
నాలుగడుగులు మోసుకెళ్లి బల్ల మీద వేసేదాన్ని.
కత్తుల రాజు. కప్పుల మూడు.
ముక్కల గురించి చట్టం ఏమీ చెప్పలేదు.

ఎందుకు వేయించుకోవని ఒక్కసారే అడిగాను.
వాళ్ల నాన్న ఓడలు కట్టేచోట ఆస్బెస్టాస్ కోసేవాడట.
కంపెనీ డాక్టరు ఏటా చొక్కా విప్పించి,
గొట్టం ఆనించి విని, సంతకం పెట్టేవాడట:
హాని లేదు.
నాన్న దగ్గుతూ పోయాడు.
ఆ చొక్కాలు దులిపి ఉతికిన అమ్మ,
ఏ ఓడ గడపా తొక్కని అమ్మ,
ఆరేళ్లకి అదే దగ్గుతో.
"చాలా అందమైన సంతకం, నెరీనా.
ఇప్పటికీ దాచుకున్నాను."

నా దగ్గరా ఒకటుంది. చూపించలేదు.
మా చెల్లెలు ఒర్నెల్లా, వృద్ధుల ఆశ్రమంలో రాత్రి నర్సు.
మొదటి మార్చి. అప్పటికి టీకా
ఇంకా ఏ సీసాలోనూ లేదు.
సంచి గేటు దగ్గర ఇచ్చారు:
చెప్పులు, కళ్లజోడు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం.
టీకా వచ్చిన రోజు తెల్లారకముందే లైన్లో ఉన్నాను.
సూది దిగుతుంటే
ఆ భుజం నాదో దానిదో తెలియలేదు.

అతని తరఫున ఇద్దరు, నా తరఫున ఒక్కతే.
మధ్యలో కాఫీ యంత్రం బుసకొడుతూ.

అక్టోబరులో రేవు గేటు దగ్గర జనం, నీళ్ల గొట్టాలు.
సాయంత్రం తడిసి ముద్దై వచ్చాడు, తువ్వాలు ఇచ్చాను.
బల్ల దగ్గర బ్రూనో తలెత్తకుండా అన్నాడు:
"నీలాంటోళ్ల వల్లే నా మనవరాలి బడి మూతబడింది."
ఆ రోజు ముక్కలు పంచలేదు.

జనవరిలో ఇంకో కాగితం.
ఇప్పుడు నిలబడినా పాసు కావాలి.
కిటికీ గట్టు మీద, బయటివైపు, కాఫీ పెట్టాను.
బోరా గాలి. అది వీచిన రోజు ఈ ఊళ్లో
ముసలాళ్లు దీపస్తంభాల్ని కౌగిలించుకుంటారు.
సాసరు ఎగిరిపోయింది.
కప్పుని రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు.
గాజుకి ఇటు మేము, అటు అతను.
తొట్టిలో ఉన్న చేపలు ఎవరో చెప్పడం కష్టం.

తర్వాత పదిహేడు రోజులు రాలేదు.
నేను లెక్కపెట్టానని అతనికి చెప్పను.

ఫిబ్రవరి చివర వచ్చాడు, కోటు వదులై.
జేబులోంచి కాగితం తీసి
నల్లచుక్కల చదరాన్ని నా ఫోను ముందు పెట్టాడు.
పచ్చరంగు.
రోగం వచ్చి తగ్గినవాళ్లకి ఆర్నెల్లు చెల్లుతుందట.
"గెలిచానని అనకు" అన్నాడు,
మాట మధ్యలో ఊపిరి కోసం ఆగి.
అనలేదు. ఓడావనీ అనలేదు.

వెళ్లి నాలుగో కుర్చీలో కూర్చున్నాడు.
కుర్చీ ఊగింది. దానికి ఒక కాలు పొట్టి,
ఇన్నాళ్లూ ఎవరూ కూర్చోక మరిచిపోయాం.
మెల్లిగా వంగి, ఆ కాగితాన్నే
నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపాడు.
బ్రూనో ఏమీ అనకుండా ముక్కలు కలిపాడు.

కాఫీ బల్ల దగ్గరికి తీసుకెళ్లాను.
కూర్చుని తాగితే ముప్ఫై సెంట్లు ఎక్కువ.
బిల్లులో వేశాను.